రాజమండ్రిలో దిగండి

(మా ప్రయాణ మిత్రుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న అడుగుతాను, చేతులెత్తండి. రైల్లో గోదావరి దాటినవాళ్లు ఎంతమంది? దాదాపు అందరూ ఎత్తారు. విశాఖపట్నం వెళ్లేటప్పుడో, అన్నవరం వెళ్లేటప్పుడో దాటే ఉంటారు. బండి బ్రిడ్జి మీదకి ఎక్కగానే చప్పుడు మారిపోతుంది చూడండి, పై బెర్తులో పడుకున్నవాళ్లకి కూడా మెలకువ వచ్చేస్తుంది. చిల్లర వెతుక్కుని నీళ్లలో వేసి, దణ్ణం పెట్టుకుని మళ్లీ దుప్పటి కప్పుకుంటాం.

సరే, రెండో ప్రశ్న. అలా దాటినవాళ్లలో రాజమండ్రిలో దిగి రెండు రాత్రులు ఉన్నవాళ్లు? పెళ్లికి వెళ్లినవాళ్లు, పుష్కరాలకి వెళ్లినవాళ్లు వద్దు. ఊరు చూద్దామని దిగినవాళ్లు. మూడు చేతులు. వెనకాల అమ్మగారిది నాలుగు.

నేను ఇవాళ చెప్పదల్చుకున్నది ఇంతే అండి. దిగండి. రెండు రాత్రులు ఉండండి.

నేను పుట్టిందీ, డిగ్రీ దాకా చదివిందీ అక్కడే. హైదరాబాద్ వచ్చి 30 ఏళ్లు దాటింది. ఏడాదికి ఒకసారైనా ఎవరినో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్తుంటాను. వాళ్లు రైలు దిగగానే అడిగేది ఒకటే: "పాపికొండలు ఎప్పుడండీ?" పాపికొండలు తప్పకుండా చూద్దాం. కానీ పాపికొండలకి బస్టాండులాగా రాజమండ్రిని వాడుకుంటే నాకు కష్టంగా ఉంటుంది. పొద్దున వచ్చి, లాడ్జిలో స్నానం చేసి, పడవెక్కి, సాయంత్రం రైలెక్కేస్తారు. ఏం చూసినట్టు చెప్పండి?

2015లో ఊరి పేరు రాజమహేంద్రవరం అని అధికారికంగా మార్చారు. పాత పేరు వెనక్కి రావడం నాకూ సంతోషమే. కానీ నోటికి అలవాటైంది రాజమండ్రి, కాబట్టి అలాగే పిలుస్తాను, ఏమీ అనుకోకండి. 2011 జనాభా లెక్కల్లో ఊళ్లో ఉన్నది 3 లక్షల 40 వేల చిల్లర. ఆటోలో ఈ చివర నుంచి ఆ చివరకి అరగంట. అంటే మీరు కాలినడకన చూడగలిగే ఊరు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను దీని దగ్గరికి.

అసలు ఆ ఊరు అక్కడే ఎందుకుంది? నది వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, 1,465 కిలోమీటర్లు నడిచే నది ఇది. చివర్లో పాపికొండల దగ్గర రెండు వైపులా కొండలు నొక్కేస్తాయి, సన్నగా, లోతుగా పోతుంది. పోలవరం దగ్గర కొండల్లోంచి బయటపడుతుంది. రాజమండ్రికి వచ్చేసరికి అవతలి గట్టు మసకగా కనిపించేంత వెడల్పు. అక్కడిదాకా అఖండ గోదావరి అంటాం. కాస్త కిందకి, ధవళేశ్వరం దగ్గర గౌతమి అని, వసిష్ఠ అని చీలిపోతుంది. మధ్యలో కోనసీమ. అంటే రాజమండ్రికి పైన అడవి, కింద పొలం. కొండ సరుకూ, డెల్టా సరుకూ కలిసేది ఈ ఊళ్లో. మీరు తినే తిండి దగ్గర నుంచి చూసే గుడి దాకా అన్నీ ఈ కలయికలోంచి వచ్చినవే. అందుకే ఒక్క పాపికొండలు చూసి వచ్చేస్తే సగమే చూసినట్టు అంటున్నాను.

ఇప్పుడు మొదటి రోజు పొద్దున. రాత్రి ఇక్కడ బండెక్కితే తెల్లవారుజామున దిగుతారు. నిద్ర వస్తుంది, గదికి వెళ్లి పడుకుందాం అనిపిస్తుంది. వద్దు. సంచులు గదిలో పడేసి నేరుగా పుష్కర ఘాట్‌కి వెళ్లండి. ఐదున్నరకి మెట్ల మీద కూర్చోండి.

ఆ వేళకి ఏం కనిపిస్తుంది? చలికాలమైతే మొదట ఏమీ కనిపించదు. నీళ్ల మీద తెల్లగా మంచు. చప్పుళ్లు మాత్రం వినిపిస్తాయి. ఎవరో నీళ్లలో మునిగి లేచి "గోవిందా" అంటారు. పడవ అంచుకి తెడ్డు తగులుతుంది. పక్కన ఒక పెద్దావిడ అరటి దొప్పలో దీపం పెట్టి, అలకి ఆరకుండా చేతులు రెండూ అడ్డం పెట్టి, మెల్లగా ముందుకి తోస్తుంది. ఆ దీపం నాలుగు గజాలు పోయేదాకా ఆవిడ మోకాలి లోతు నీళ్లలో నిలబడే చూస్తుంది. తరువాత మంచులోంచి ముందు స్తంభాలు, వాటి మీద ఇనుప గర్డర్లు, ఒక్కొక్కటే తేలతాయి. అదే పాత వంతెన, హేవ్‌లాక్ వంతెన. 1900లో మొదలై, దాదాపు వందేళ్లు రైళ్లని మోసి, 1997లో ఆగిపోయింది. దాని పక్కనే విల్లులా వంపులు తిరిగినది, ఇప్పుడు మీ రైళ్లు వెళ్లేది, ఆర్చ్ వంతెన. ఇంకా పైకి వెళ్తే కింద రైలు, పైన బస్సు వెళ్లే వంతెన, 1974లో వచ్చింది. 2015లో రోడ్డుకి ఇంకొకటి కట్టారు. ఒకే ఊరికి నాలుగు వంతెనలు, నాలుగు కాలాలవి. పాతది ఆగిపోయినా ఊరివాళ్లకి అదంటేనే ప్రాణం. మా నాన్నగారు ఆ చివరి బండి వెళ్లిన రోజుల గురించి ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టే చెప్పేవారు.

ఎండ కాస్త పైకి వచ్చాక గట్టు వెంబడి నడవండి. కోటిలింగాల రేవు ఒకవైపు, మార్కండేయుడి గుడి, గౌతమి ఘాట్. అన్నీ చూడాలని టెన్షన్ పడకండి. రేవు నుంచి రేవుకి నడవడమే అసలు సంగతి. సాయంత్రం మళ్లీ రండి, హారతి ఉంటుంది. నన్నడిగితే మాత్రం పొద్దున్నే ఎక్కువ బాగుంటుంది. సాయంత్రం మైకుల్లో పాటలు ఉంటాయి, పొద్దున నది మాటలే వినిపిస్తాయి.

ఇప్పుడు ఊళ్లోకి వద్దాం. రాజమండ్రి అంటే మనందరికీ బళ్లో చెప్పిన పేరు ఒకటుంది. నన్నయ. 11వ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి ఆస్థానంలో మహాభారతం తెలుగులో మొదలుపెట్టాడు. ఆది, సభా పర్వాలు, అరణ్య పర్వంలో కొంత. ఆ కోట ఇప్పుడు లేదు. కోటగుమ్మం అనే పేరు మిగిలింది, అది ఇప్పుడు రద్దీగా ఉండే కూడలి. కొంతమంది అక్కడికి వెళ్లి "ఏదండీ కోట?" అని నిరాశపడతారు. నేను అక్కడ నిలబెట్టి ఒకటే చెబుతాను: మనం ఇవాళ రాసుకునే తెలుగు వాక్యానికి ఈ చుట్టుపక్కలే ఎక్కడో ఒక అరుగు మీద పునాది పడింది. రాయి మిగలకపోతేనేం, వాక్యం మిగిలింది కదా.

రెండో పేరు కందుకూరి వీరేశలింగం. 1848లో ఆ ఊళ్లోనే పుట్టారు. ఆయన ఇంటిని అలాగే కాపాడారు, వెళ్లి చూడవచ్చు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించింది ఆ ఊళ్లోనే. ఊరంతా ఎదురు తిరిగింది. వెలివేత, శాపనార్థాలు, వంటకీ నీళ్లకీ మనుషులు దొరకని పరిస్థితి. ఆ రోజుల్లో ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు ఇంటి పని మొత్తం నెత్తిన వేసుకున్నారు. మనం ఆయన పేరు చెప్పుకుని ఆవిడ పేరు మరిచిపోతాం. ఆ ఇంటికి వెళ్తే మాత్రం వంటగది వైపు కూడా ఒకసారి చూసి రండి. 1890లో ఆయన కట్టించిన టౌన్ హాలు కూడా ఉంది.

మూడోది, ఇది నేను పట్టుబట్టి తీసుకెళ్లేది. దామెర్ల రామారావు చిత్రశాల. గోదావరి స్టేషన్‌కి దగ్గర్లోనే ఉంటుంది. ఎంతమందికి తెలుసు ఈ పేరు? చూశారా, తక్కువ. 1897లో పుట్టాడు. ప్రభుత్వ కాలేజీలో కూల్డ్రే అనే ప్రిన్సిపాల్ ఈ కుర్రాడి చేతిని గుర్తుపట్టాడు, బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకోవడానికి దారి చూపించాడు. తిరిగి వచ్చి రాజమండ్రిలో తన తోటివాళ్లకి నేర్పాడు. 1925లో మశూచి వచ్చి పోయాడు. వయసెంత? 28 నిండలేదు. 28 నిండని మనిషి వదిలిపెట్టిన బొమ్మలు అవి. ఒక్కో గీతలో చెయ్యి వణకదు. ఆడవాళ్ల ముఖాల్లో మన గోదావరి జిల్లాల నిదానం ఉంటుంది. మొదటిసారి నాతో వచ్చిన మా తోడల్లుడు ఐదు నిమిషాల్లో చూసేద్దాం అన్నవాడు గంటన్నర బయటికి రాలేదు.

రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం ఉంది, శాసనాలూ శిల్పాలూ ఇష్టమైనవాళ్లు వెళ్లండి. గౌతమీ గ్రంథాలయం ఉంది, వందేళ్ల పైబడినది, తాళపత్రాలు కూడా ఉన్నాయి. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లకి దారి చెప్పక్కర్లేదు.

ఆకలేస్తోందా? వస్తున్నా తిండికి. ముందు ధవళేశ్వరం వెళ్లాలి, ఎందుకంటే ఆ తిండి అక్కడి నుంచే వచ్చింది.

ఊరికి ఆనుకునే ఉంటుంది ధవళేశ్వరం. 1847 నుంచి 1852 దాకా ఆర్థర్ కాటన్ అక్కడ ఆనకట్ట కట్టాడు. అంతకుముందు 1830లలో వచ్చిన కరువుల్లో డెల్టాలో జనం పిట్టల్లా రాలిపోయారు. పక్కనే అంత నది, తాగడానికి గంజి లేదు. ఆనకట్ట వచ్చాక ఆ నేల ఏమైందో మీకు తెలుసు. ఇప్పటికీ గోదావరి స్నానం చేసేటప్పుడు సంకల్పంలో కాటన్‌ని తలుచుకునేవాళ్లున్నారు. పాత ఆనకట్ట స్థానంలో తరువాత బ్యారేజీ కట్టారు, 175 గేట్లు. కాటన్ మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు, అప్పటి పనిముట్లు ఉన్నాయి. పిల్లలతో వెళ్తే అది తప్పకుండా చూపించండి, నీళ్లు ఎలా మళ్లించారో చేత్తో చూపించి చెప్పవచ్చు.

ఆ బ్యారేజీ మీద నుంచే బొబ్బర్లంక దాటి ఆత్రేయపురం పోవచ్చు. పూతరేకులు అందరూ తిన్నారు. చేసేటప్పుడు చూశారా? చూడకపోతే తిన్నట్టు కాదంటాను నేను. చిన్న వరండా. మట్టిపొయ్యి మీద కుండ బోర్లించి ఉంటుంది, కుండ అడుగు పైకి. కింద ఎండు కొబ్బరాకు మంట. పక్క గిన్నెలో బియ్యప్పిండి, పాలకన్నా పల్చగా కలిపింది. ఆవిడ చేతి రుమాలంత గుడ్డని ఆ పిండిలో ముంచి, రెండు చేతులతో పట్టుకుని, కుండ మీద ఒక్క లాగు. అంతే. గుడ్డ తీసేసరికి కుండకి పొగమంచు పట్టినట్టు ఒక పొర. మనం రెప్ప వేసి తీసేలోగా ఎండిపోతుంది. అంచు పట్టుకుని లేపి పక్కన దొంతిలో పెడుతుంది. కాగితం కన్నా పల్చన. వెలుగుకి పెడితే అవతల చెయ్యి కనిపిస్తుంది. తరువాత తడిగుడ్డ అద్ది మెత్తబరిచి, నెయ్యి రాసి, బెల్లమో చక్కెర పొడో చల్లి మడుస్తారు. నేను ఆవిడని అడిగాను, "చేతులు కాలవా అమ్మా?" అని. "మొదట్లో కాలేవి బాబూ" అంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బెల్లంవే కొనండి, నా మాట విని. చక్కెరవి తీపి ఒక్కటే ఉంటుంది.

ఊళ్లో పొద్దున టిఫిన్‌కి పెసరట్టు ఉప్మా. అక్కడ అల్లం పచ్చడి ఘాటుగా ఉంటుంది, జాగ్రత్త. మెయిన్ రోడ్డులో రోజ్‌మిల్క్, ఎండన పడి వచ్చాక. ఎవరింటికైనా భోజనానికి పిలుపు వస్తే ఆవ పెట్టిన పనసపొట్టు కూర అడగండి, హోటల్లో ఆ రుచి రాదు. కోనసీమ వైపు వెళ్తే పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు. తాపేశ్వరం మడత కాజా దారిలో కొనుక్కోవచ్చు.

పులస గురించి చెప్పకపోతే ఇక్కడున్న గోదావరి జిల్లాల వాళ్లు నన్ను కిందకి దిగనివ్వరు. సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని విలస అంటారు. జూలై, ఆగస్టుల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదుతుంది. ఆ తీపినీళ్లలో ఈదీ ఈదీ పులస అవుతుంది, రుచి మారుతుంది. పుస్తెలమ్మైనా పులస తినమన్నారు. ధర వేలల్లో ఉంటుంది, ఏడాదికేడాది దొరకడం తగ్గిపోతోంది. వేరే రాష్ట్రాల నుంచి ఐసులో వచ్చిన చేపని పులస అని అంటగడతారు కూడా. కాబట్టి తెలిసిన మనిషి తోడు లేకుండా కొనకండి. వండినవాళ్లింట్లో తినడం మేలు. మట్టి దాకలో, బెండకాయలు వేసి, సన్నటి సెగ మీద. మా అమ్మ రాత్రి వండి, పొద్దున దాకా మూత తియ్యనిచ్చేది కాదు. మర్నాటికి పులుసు ముక్కకి పట్టి, ముల్లు కూడా మెత్తబడేది.

అదే నెలల్లో వరద కూడా వస్తుంది, ఇది మరిచిపోకండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. పేపర్లో ఈ అంకెలు చూసి బయలుదేరండి. వరదలో పడవలు తిరగవు. తిరుగుతామని ఎవరైనా చెప్పినా ఎక్కకూడదు.

ఇక పాపికొండలు. ఒకప్పుడు రాజమండ్రి రేవు నుంచే లాంచీలు వెళ్లేవి. ఇప్పుడు ఎక్కువగా గండిపోచమ్మ గుడి వైపు రేవుకి రోడ్డు మీద వెళ్లి అక్కడ ఎక్కుతారు. కొండలు దగ్గరపడుతున్నకొద్దీ గాలి చల్లబడుతుంది, నీళ్లు ఆకుపచ్చగా మారతాయి, పడవలో మాటలు వాటంతటవే తగ్గిపోతాయి. నాకు పాపికొండల్లో ఇష్టమైనది ఆ మలుపే, ముందు దారి మూసుకుపోయినట్టుండి చివరి క్షణంలో తెరుచుకుంటుంది. చాలా పడవల్లో ఆ సమయానికే డాన్స్ పాటలు పెడతారు. కాసేపు ఆపమని అడగండి. నేను అడిగాను, ఆపారు, తోటివాళ్లు కూడా సంతోషించారు.

ఇక్కడ ఒక్క నిమిషం గట్టిగా చెప్పాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద నీటిలో పడవ మునిగి 50 మంది దాకా పోయారు. సరదాగా ఒక రోజు గడుపుదామని వచ్చినవాళ్లు. ఆ ప్రమాదానికి చాలా ముందు ఒకసారి మేము ఎక్కిన పడవలో లైఫ్ జాకెట్లు ఒక మూల కట్టగట్టి పెట్టారు. తీసి చూస్తే సగానికి బకిల్స్ లేవు. మా వాళ్లు "పర్లేదులే, అందరూ ఇలాగే వెళ్తున్నారు" అన్నారు. నేను దిగిపోయాను, మా ఇంట్లోవాళ్లని కూడా దింపేశాను. డబ్బులు పోయాయి, మాటలు పడ్డాను. ఇప్పటికీ అది మంచి పనే అనుకుంటాను. జాకెట్ వేసుకోండి, దాని బకిల్ పెట్టుకోండి, పిల్లలకి సరిపోయే సైజు ఉందో లేదో ఎక్కకముందే అడగండి.

అడవి వైపు వెళ్లేవాళ్లకి మారేడుమిల్లి. రంపచోడవరం మీదుగా రెండు గంటల పైన దారి. బొంగు చికెన్ అందరూ చెప్పేదే, పచ్చి వెదురు బొంగులో మాంసం కూరి నిప్పుల మీద కాలుస్తారు, నూనె చుక్క వెయ్యరు. వాగులు చూడ్డానికి సాధువుగా ఉంటాయి, పైన వాన పడితే క్షణాల్లో ఉరికి వస్తాయి. వానాకాలంలో లోపలికి దిగకండి. కొండరెడ్ల ఊళ్లలోకి వెళ్తే ఫోన్ తీసే ముందు అడగండి. మారేడుమిల్లికి ఇంకో రాత్రి కావాలి, రెండు రాత్రుల్లో ఇరికించవద్దు.

కడియం నర్సరీలు మాత్రం పూట పని. కడియపులంకలో తెల్లవారుజామునే పూల బేరాలు సాగుతుంటాయి. బంతి, చామంతి గుట్టల మధ్య నడుస్తుంటే మీకు తెలియకుండానే బట్టలకి వాసన పట్టేస్తుంది.

ఏమిటండీ? ఎండాకాలం సెలవుల్లో వెళ్లవచ్చా అని అడుగుతున్నారు. మేలో వద్దండి. ఆ ఉక్క మామూలుగా ఉండదు, మధ్యాహ్నం గదిలోంచి బయటికి రాలేరు. పిల్లల సెలవులు కావాలంటే దసరాకి, లేకపోతే సంక్రాంతికి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికన్నా మేలు. శివరాత్రికి వెళ్తే నది మధ్యలో దీవి మీద పట్టిసీమ వీరభద్రుడి గుడి చూడవచ్చు, కాకపోతే జనం విపరీతం.

పుష్కరాలు? అవును, 12 ఏళ్లకోసారి, 2015 తరువాత మళ్లీ 2027లో. స్నానం కోసం వెళ్లేవాళ్లు వెళ్లండి. మొదటి రోజే, ఆ ఒక్క రేవులోనే అని పట్టుబట్టకండి. ఏ రేవులో మునిగినా అదే నది. ఊరు చూడాలనుకున్నవాళ్లు మాత్రం ఆ 12 రోజులూ వదిలేసి వేరే నెలలో వెళ్లండి. నడిచి చూడాల్సిన ఊరని ఇందాక అన్నాను కదా. అంత జనంలో మిమ్మల్ని జనమే నడిపిస్తారు, మీరు నడవలేరు.

ఈ కార్తీకంలో మేము నలుగురం వెళ్తున్నాం. గురువారం రాత్రి బండి, సోమవారం పొద్దుటికి మళ్లీ ఇక్కడ. ఇంకో ఆరుగురికి చోటుంది. తలుపు దగ్గర నోట్‌బుక్ పెట్టాను, వచ్చేవాళ్లు పేరు రాయండి. తెల్లారకముందే లేవగలరా లేదా అన్నది కూడా పక్కన రాయండి. దిగిన రోజు ఐదున్నరకి మెట్ల మీద ఉండాలి.